వెనక బోల్టు మీద గీత

మా బావ ఉద్యోగం ఏమిటో చెబితే ఎవరూ వెంటనే నమ్మరు. కొత్త బండ్లను పాడు చెయ్యడం ఆయన పని. పికప్ ట్రక్కులు తయారుచేసే కంపెనీలో, బండి బజారులోకి రాకముందే దాన్ని ఒక జీవితకాలానికి సరిపడా హింసపెట్టి చూసే డ్రైవర్లు కొందరుంటారు. వాళ్లలో మా బావ పాతకాపు. ఊరి చివర ఎత్తుగోడ కట్టిన మైదానంలో రాళ్లు పరిచిన దారి, చక్రాలు మునిగే నీళ్లగుంట, దుమ్ము కొట్టే సొరంగం, నిండు బరువుతో ఎక్కాల్సిన ఏటవాలు, అన్నీ కావాలని కట్టినవే. లోకమంతా గతుకులు తప్పించుకుంటూ బండి నడుపుతుంది. మా బావ గతుకుల్ని వెతుక్కుంటూ నడిపేవాడు. ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా ఆయన ఒళ్లు కాసేపు ఊగుతూనే ఉంటుందని, అందుకే టీ సగం కప్పే పోస్తానని మా అక్క అనేది. నిండా పోస్తే మిగతా సగం చొక్కా తాగుతుందట. వీధిలో అందరూ ఆయన్ని గతుకులాయన అనేవాళ్లు. ఆయనా పలికేవాడు.

మా చుట్టాల్లో ఎవరు బండి కొనాలన్నా ముందు మా బావకి ఫోను వెళ్లేది. ఆయన తలూపితే కొనేవాళ్లం. పెదవి విరిచాడంటే షోరూమ్ వాడు ఎన్ని కబుర్లు చెప్పినా చెప్పులేసుకుని వచ్చేసేవాళ్లం. ఒక్కటే షరతు. "నేను తొక్కని బండి గురించి నన్నడక్కండి" అనేవాడు. తాను నడిపి చూడని బండి గురించి ఒక్క మాట, మంచిగానీ చెడుగానీ, ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. మా ఇంట్లో పెళ్లి సంబంధాలకి కూడా ఇంత నమ్మకమైన మధ్యవర్తి లేడు. అసలు సంగతి చెప్పాలంటే ఆయనకి ఆస్తి అంటూ ఉన్నది ఆ మాటే.

ఆయనకో అలవాటుంది. ఇంజన్‌లో ముఖ్యమైన బోల్టులు బిగించాక, బోల్టు తల మీద మొదలుపెట్టి పక్కనున్న ఇనుము మీదకి వచ్చేలా రంగుతో ఒక గీత గీస్తారు. ఎంత అదిరినా గీత అతుక్కునే ఉంటే బోల్టు కదల్లేదని అర్థం. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే బోల్టు వదులైనట్టు. కంపెనీ వాళ్లు దీనికి తెల్లరంగు వాడతారు. అది నూనెకి, వేడికి మాసిపోతుందని మా బావకి నమ్మకం లేదు. ఆయన గోళ్లరంగు వాడేవాడు. మా అక్క గోళ్లకి రంగు వేసుకోదు. నేను వేసుకుంటాను. నాది మొక్కల వ్యాపారం, పొద్దస్తమానం మట్టిలో చేతులు. "మట్టి పిసికేదానికి రంగెందుకే" అని అక్క, "మట్టి కనబడకూడదనే" అని నేను. నాకిష్టమైన వంకాయరంగు సీసా ఒకటి మా బావ ఎత్తుకుపోయి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆయన తొక్కే ప్రతి బండికీ నా గోళ్లరంగే. "నువ్వు మా కంపెనీలో జీతం లేని ఉద్యోగివి మరదలా" అని నవ్వేవాడు.

ఇక మేస్త్రి గురించి చెప్పాలి. ఆ కంపెనీలో ఇంజన్ షెడ్డుకి పెద్ద మెకానిక్. మా బావా ఆయనా ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే బండి మీద పనికి వెళ్లేవాళ్లు. పొద్దున్నే మా అక్క వాళ్ల వాకిట్లో రెండుసార్లు హారన్ మోగేది. రెండో మోతకి మా బావ ఒక చెప్పు వేసుకుని, రెండోది ఈడ్చుకుంటూ బయటపడేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ క్యారియర్లు మార్చుకుని తినేవాళ్లు. ఎవరి భార్య వంట వాళ్లు తినరని మా అక్కకీ ఆయన భార్యకీ ఒకటే సరదా. నేను ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని. నోటి మాట కాదు, నిజంగానే అన్నలాగా ఉండేవాడు. నా తోటలో నీళ్ల మోటారు ఆగిపోతే నేను పిలిచేది మా ఆయన్ని కాదు, మేస్త్రినే.

ఆ సంవత్సరం కంపెనీ కొత్త పికప్ ఒకటి దించబోతోంది. బండి ఒకటే, ఇంజన్లు రెండు. ఒకటి ఎప్పటి నుంచో వస్తున్న పెద్ద పాత ఇంజన్. బరువెక్కువ, డీజిల్ బాగా తాగుతుంది, గొంతు మోటు. రెండోది కొత్తగా చేసిన చిన్న ఇంజన్. చిన్నదైనా లోపలికి గాలిని ఎక్కువగా తోసే టర్బో ఉంది కాబట్టి పెద్దదానికంటే హుషారుగా లాగుతుంది, ఖర్చూ తక్కువ. అయితే అంత చిన్న ఇంజన్ అంత బరువును ఏళ్ల తరబడి మోస్తుందా అన్నదే అందరికీ అనుమానం. ఆ అనుమానం తీర్చే పని మా బావకి అప్పజెప్పారు. కొన్ని నెలలపాటు ఆ చిన్న ఇంజన్ బండిని ఆయన కాల్చుకు తిన్నాడు. రోజూ దిగగానే బోనెట్ ఎత్తి గీతలు చూసుకునేవాడు. ఇంటికొచ్చి, "ఇవాళా కదల్లేదు. మొండిది" అని మురిసిపోయేవాడు.

ఆ రోజుల్లోనే ఒక సెలవు రోజు మధ్యాహ్నం మేస్త్రి నా తోటకి వచ్చాడు. చేతులకి గ్రీజు ఉంది. సెలవు రోజు కూడా పనేనా అన్నయ్యా అంటే, ఏం చేస్తాం చెల్లెమ్మా అన్నాడు.

"నీ వంకాయరంగు సీసా ఇంకోటుందా? మా అమ్మాయి అదే కావాలని ప్రాణం తీస్తోంది. రేపిచ్చేస్తా."

ఇచ్చాను. మర్నాడు తెచ్చిచ్చాడు కూడా. సీసా సగానికి దిగిపోయి ఉంది. పిల్ల వీధిలో అందరి గోళ్లకీ పూసినట్టుందే అని నవ్వి ఊరుకున్నాను.

పరీక్ష పూర్తయింది. కొన్నాళ్లకి బండి షోరూముల్లోకి వచ్చింది. నా పాత వ్యాను అప్పటికే మొండికేస్తోంది. కొండమీది ఇళ్లకి కుండీలు, మట్టి బస్తాలు ఎక్కించాలి నేను. మా బావని అడిగాను. ఆయన ఆలోచించలేదు.

"చిన్న ఇంజన్ తీసుకో మరదలా. దాన్ని నేను చంపాలని చూశాను, చావలేదు."

ఆ ఒక్క మాటతో నేను కొన్నాను. మా బావ తమ్ముడు కొన్నాడు. మా వీధి చివర టైల్స్ దుకాణం ఆయనా కొన్నాడు. నేను బండి తెచ్చుకున్న రోజు మేస్త్రి కూడా మాతో షోరూముకి వచ్చాడు. డ్రైవరు సీట్లో కూర్చుని స్టార్ట్ చేసి, తల పక్కకి వంచి విని, "గొంతు బాగుంది చెల్లెమ్మా" అన్నాడు. ఆ వారంలోనే మేస్త్రి తన తమ్ముడికి కూడా అదే బండి కొనిపెట్టాడు, కానీ పెద్ద పాత ఇంజన్‌ది. మేమంతా వెక్కిరించాం. "మావాడు మొరటువాడమ్మా, వాడికి మొరటుదే కరెక్టు" అని మాతో పాటు నవ్వాడు.

మొదటి ఎండాకాలానికే నా బండి కొండ మలుపులో తెల్లపొగ కక్కి ఆగిపోయింది. వెనక మట్టి బస్తాలు, ముందు ఆవిరి, మధ్యలో నేను. ఇంజన్ తల దగ్గర పగులు వచ్చి నీళ్లన్నీ లోపలికి దిగిపోయాయని వర్క్‌షాపు వాడు చెప్పాడు. బాగు చేయించాను. మళ్లీ అదే చోట పగిలింది. ఈలోగా బావ తమ్ముడి బండీ అంతే, టైల్స్ ఆయన బండీ అంతే. కొండమీద పూలకుండీల కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకో తోట చూసుకున్నారు. బేరాలు పోయాయి. టైల్స్ ఆయన ఒక సాయంత్రం నడివీధిలో మా బావని ఆపి, అందరూ వింటుండగా, "కంపెనీ వాళ్లు ఎంత ముట్టజెప్పారు గతుకులూ, మా నెత్తిన పెట్టడానికి?" అన్నాడు. మా బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేనూ ఊరుకోలేదు. నా నోరు మంచిది కాదు, అది అందరికీ తెలుసు. అక్క ముందే నిలదీశాను.

"నీ మాట మీద కొన్నాను బావా. నిజంగా నడిపావా, గోడ చాటున నిద్రపోయి వచ్చావా?"

"నడిపాను. నువ్వు నీళ్లు చూసుకుని ఉండవు."

"ముగ్గురమూ చూసుకోలేదా?"

ఆయన లేచి, "పద. నా గీతలు చూపిస్తాను. ఒక్కటి కదిలిందేమో నువ్వే చెప్పు. అప్పుడు నన్ను తిట్టు" అన్నాడు. కోపం కంటే బతిమాలినట్టే ఉంది.

పరీక్షకి నిలిచిన ఆ బండిని కంపెనీ వాళ్లు గేటు పక్కన సందర్శకుల హాల్లో ఎత్తైన దిమ్మ మీద పెట్టారు. 'అలుపెరగని బండి' అని బోర్డు. బోనెట్ ఎత్తి, లోపల దీపం పెట్టి, పిల్లలు తొంగిచూడటానికి మెట్లు కూడా కట్టారు. మర్నాడు పొద్దున్న మేం వెళ్లేసరికి హాల్లో కాపలాదారు తప్ప ఎవరూ లేరు. మా బావని చూసి ఆయన గౌరవంగా తాడు తీశాడు. దిమ్మ ఎక్కాం. మా బావ వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు. ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే పెద్ద ఇనుప పట్టీ ఉంది. దాన్ని ఇంజన్‌కి బిగించిన బోల్టుల్లో పైకి కనబడే మూడింటి మీద నా వంకాయరంగు గీతలు, దుమ్ము పట్టినా తెగకుండా, కాస్త వంకరగా, అచ్చం మా బావ గీసినట్టే ఉన్నాయి.

"చూశావా? కదిలాయా?"

నాకు ఎందుకో పట్టుదల. ఇంజన్‌కీ క్యాబిన్ గోడకీ మధ్య చీకటిగా ఉంది. సంచిలోంచి నా చేతి అద్దం తీసి లోపలికి వంచి పట్టుకున్నాను.

"వెనకది కూడా బాగానే ఉంది బావా. నాలుగూ కదల్లేదు. సరే, నీ మాటే నిజం."

"వెనకదా?"

"ఇదిగో, ఇక్కడ. గీత స్పష్టంగా ఉంది."

మా బావ నా చేతిలోంచి అద్దం తీసుకున్నాడు. వంగి చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. తర్వాత తన కుడిచెయ్యి ఆ సందులోకి దూర్చబోయాడు. మణికట్టు దాకా వెళ్లి ఆగిపోయింది. బయటికి తీసి, చెయ్యి మార్చి, ఎడమది దూర్చాడు. అదీ వెళ్లలేదు. అప్పుడు అద్దం నాకిచ్చి దిమ్మ మెట్ల మీద కూర్చున్నాడు.

"అది నేను గియ్యలేదు" అన్నాడు. "గియ్యలేను. ఇంజన్ లోపల ఉంటే అక్కడికి చెయ్యి పోదు. నేను ఎప్పుడూ మూడే గీస్తాను. నాకు బండి ఇచ్చేటప్పటికే ఇంజన్ లోపలుంటుంది కదా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే నెమ్మదిగా చెప్పాడు. ఆ నాలుగో గీత గియ్యాలంటే ఇంజన్ బండిలోంచి బయటికి తీసి, గొలుసుకి వేలాడుతూ ఉండాలి. అంటే ఇది ఆయన మొదట తొక్కిన ఇంజన్ కాదు. మధ్యలో ఎవరో దాన్ని దించేసి, ఇంకోటి ఎక్కించి, ఆయనకి అనుమానం రాకుండా అదే రంగుతో, అదే వంకరతో గీతలు గీశారు. గీస్తూ గీస్తూ, కళ్లకెదురుగా కనబడింది కదా అని వెనకదానికి కూడా గీసేశారు.

"ఒకరోజు అన్నాను కూడా. ఇంజన్ ఇవాళ కొత్త పెళ్లికొడుకులా ఉందేంట్రా అన్నాను. నూనె మార్చాను అన్నాడు. నేను గీతలు చూసుకుని నా చెవే పొరబడిందనుకున్నాను."

ఎవరన్నారో నేను అడగలేదు. గ్రీజు చేతులతో తోటలోకి వచ్చిన మనిషి, సగానికి దిగిన సీసా, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నా చేత్తోనే ఇచ్చాను. కాపలాదారు వచ్చి మంచినీళ్లు కావాలా అని అడిగాడు. మా ఇద్దరి మొహాలూ అలా ఉండి ఉంటాయి.

అక్కడి నుంచి తిన్నగా మేస్త్రి ఇంటికి వెళ్లాం. వాకిట్లో ఆయన తమ్ముడి బండి ఆగి ఉంది, నిండా ఇటుకలు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏంట్రా ఇద్దరూ కలిసి వచ్చారు? రా చెల్లెమ్మా, కూర్చో."

మా బావ కూర్చోలేదు.

"వెనక బోల్టుకి ఎందుకు గీశావురా?"

ఏ బోల్టు అని మేస్త్రి అడగలేదు. అబద్ధం ఆడటానికి కూడా ప్రయత్నించలేదు. తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"గొలుసుకి వేలాడుతుంటే నాలుగూ కనబడ్డాయిరా. చేతి అలవాటు. నీకు చెయ్యి పోదన్నది గుర్తు రాలేదు."

తర్వాత ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది. పరీక్ష సగంలో ఉండగా ఒక రాత్రి షెడ్డులో చూస్తే ఇంజన్ తలకి పగులు కనబడింది. పరీక్ష ఆపితే బండి విడుదల ఆగిపోతుంది. పైవాళ్లు ఏరి కోరి గట్టిది ఒకటి తెప్పించి, సెలవు రోజు మార్చేసి, డ్రైవర్లకి చెప్పొద్దన్నారు.

"నీకు చెబితే తాళం అక్కడే పడేసి వచ్చేస్తావు. నీ సంగతి తెలీదా నాకు? నా ఉద్యోగం కూడా పోతుంది."

"మీ అమ్మాయి ప్రాణం తీస్తోందన్నావు కదన్నయ్యా" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

మా బావ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని నాకనిపించింది.

"సరే, కంపెనీ చెప్పింది, చేశావు. పొట్టకూటి పని, నాకూ తెలుసు. కానీ నా మరదలు బండి కొన్న రోజు నువ్వు పక్కనే ఉన్నావు. ఇంజన్ విని గొంతు బాగుందన్నావు. అప్పుడు నీకు ఎవరడ్డం? ఒక్కసారి నా చెవిలో వద్దురా అనుంటే సరిపోయేది కదా."

మేస్త్రి నీళ్లు నమిలాడు. "అన్నీ పగలవురా. కొన్ని ఏళ్ల తరబడి నడుస్తాయి. అదృష్టం బాగుంటే..."

మా బావ ఇటుకల బండి వైపు చూశాడు.

"మరి మీ తమ్ముడిని అదృష్టానికి ఎందుకు వదల్లేదు?"

మేస్త్రి భార్య రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చి మధ్యలో నిలబడిపోయింది. మా బావ గ్లాసు తీసుకోకుండా వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆయన ఏమీ ముట్టకుండా రావడం అదే మొదటిసారి.

దారిలో ఆయన అన్నది ఒక్కటే. "నా గీత ఎంత వంకరో అంతే వంకరగా గీశాడు చూశావా. ఎంత శ్రద్ధగా చేశాడో."

కంపెనీలో పెద్ద ఇంజనీరుకి చెప్పాడు. పరీక్షల్లో భాగాలు మార్చడం మామూలేనని, మీకెందుకు ఈ గొడవ అని ఆయన టీ తెప్పించాడట. మా బావ ఆ వారమే మానేశాడు. తర్వాత తన మాట మీద బండి కొన్న ప్రతి ఇంటికీ వెళ్లాడు. నేను వద్దన్నాను, అక్క ఏడ్చింది. వినలేదు. తన తమ్ముడి ఇంటికి వెళ్లి, టైల్స్ దుకాణంలో అందరి ముందూ నిలబడి, "నేను నడిపానని చెప్పిన ఇంజన్ అది కాదు. తెలియక చెప్పాను. నా మాట నమ్మి మీరు మోసపోయారు" అన్నాడు. తమ్ముడు తలదించుకున్నాడు. టైల్స్ ఆయన మాత్రం, ఇప్పుడు ఈ కథ కొత్తగా అల్లావా అన్నాడు. మా బావ దానికీ తలూపి బయటికి వచ్చాడు. నాకు మాత్రం ఆ దుకాణంలో టైల్స్ అన్నీ పగలగొట్టాలనిపించింది.

మేస్త్రి ఒకసారి నా తోటకి వచ్చాడు. నీ బండికి పాత ఇంజన్ ఒకటి సంపాదించాను చెల్లెమ్మా, నేనే కూర్చోబెట్టి ఇస్తాను అన్నాడు. నాకు బండి అవసరం. అయినా గేటు తియ్యలేదు. బండి అమ్మేసి అద్దె వ్యానుతో నడుపుకుంటున్నాను.

ఇప్పుడు మా బావ బడి బస్సు నడుపుతున్నాడు. గతుకులు తప్పించి నడపడం ఆయనకి సరిగ్గా రాలేదు, పిల్లలకి మాత్రం అదే ఇష్టం. మేస్త్రి ఇంకా అదే వేళకి మా అక్క ఇంటి మీదుగానే పనికి వెళతాడు. వాకిలి దగ్గర హారన్ కొట్టడు. కానీ వీధిలో ఇంకెవరిదో హారన్ మోగినా మా బావ కాలు చెప్పుల వైపు వెళ్లి ఆగిపోతుంది. అక్క చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

మొన్న నేను అక్కడ ఉండగానే పక్కింటాయన వచ్చాడు. కొత్త పికప్ కొనాలట. బజారులో రెండు మూడు రకాలున్నాయి, ఏది తీసుకోమంటారు అని అడిగాడు. పాత రోజుల్లో అయితే మా బావ కుర్చీ ముందుకు లాక్కునేవాడు. ఇప్పుడు చేతిలోని సగం కప్పు కింద పెట్టాడు.

"మేస్త్రి ఇంటికి వెళ్లండి" అన్నాడు. "ఏది మంచిదో అడక్కండి. వాళ్ల తమ్ముడికి ఏది కొనిపెట్టాడో చూసి అదే కొనుక్కోండి."

పక్కింటాయన ఎగతాళి అనుకుని నవ్వాడు. మా బావ నవ్వలేదు.